తూర్పు వాకిలి, తొమ్మిది రేటింగ్

డాలస్ చుట్టుపక్కల ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లు గడప తొక్కకముందే రెండు సంగతులు తేల్చుకుంటారు. వాకిలి ఎటువైపు? స్కూల్ రేటింగ్ ఎంత? మొదటిదానికి ఫోన్లో దిక్సూచి చాలు. రెండోదానికి ఇళ్లమ్మే సైట్లలో ఫొటోల కింద పదికి ఇంత అని ఒక అంకె వేసి ఉంటుంది. చాలామంది దాన్నీ దిక్సూచి అంత నమ్మకంగానే చూస్తారు.

మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అక్కా, ఇల్లు అన్నీ కుదిరింది. తూర్పు వాకిలే. ఎలిమెంటరీ స్కూలుకి తొమ్మిది. మిడిల్ స్కూలుకే ఆరట. వదిలేయమంటావా?" అన్నాడు. ఆరు ఎందుకొచ్చిందో చూశావా అని అడిగాను. "చూశాను. సగంమంది పిల్లలు ఫ్రీ లంచ్ వాళ్లట" అన్నాడు, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి. ఫ్రీ లంచ్ అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి స్కూల్లో ఉచితంగా పెట్టే భోజనం. కారణం దొరికేసిందనే వాడి నమ్మకం. వాడు చెప్పింది సగం నిజమే. మిగతా సగం ఫోన్లో చెప్పబోతే పిల్లవాడు ఏడుస్తున్నాడని పెట్టేశాడు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో మిడిల్ స్కూల్ అంటే ఎక్కువ చోట్ల 6, 7, 8 తరగతులు. 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు. 2002 జనవరిలో అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 3 నుంచి 8 దాకా ప్రతి తరగతికీ ఏటా రీడింగ్‌లో, లెక్కల్లో పరీక్ష పెట్టాలంది. ఎలిమెంటరీలో చిన్న తరగతులకు ఆ పరీక్షలు లేవు, హైస్కూల్లో ఒక్కసారి పెడితే చాలు. మూడు తరగతులకీ మూడేళ్లూ పరీక్షే ఉండేది మిడిల్ స్కూల్‌కే. అందుకే ఈ స్థాయి స్కూళ్ల గురించి అంకెలు కుప్పలుగా దొరుకుతాయి, అపార్థాలూ అంతే.

ఆ చట్టం ఇంకో పని కూడా చేసింది. ఫలితాలను జాతి, కుటుంబ పేదరికం, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు అని విడివిడిగా చూపించాలంది. అంతకుముందు స్కూలు సగటు బాగుంటే చాలు, అందులో వెనకబడిన పిల్లలు ఎవరికీ కనపడేవాళ్లు కాదు. 2014 కల్లా ప్రతి పిల్లవాడూ రాష్ట్రం పెట్టిన పాస్ గీత దాటాలని పెట్టుకున్న లక్ష్యాన్ని ఒక్క రాష్ట్రమూ అందుకోలేదు. 2015లో చట్టం మారింది, కానీ ఏటా పరీక్షలూ ఈ విడివిడి వరసలూ అలాగే ఉన్నాయి. ఈ స్కూలు ఏ పిల్లల్ని పట్టించుకోవడం లేదో బయటపెట్టడానికి పెట్టిన వరసలవి. ఇల్లు కొనేవాళ్లం వాటిని ఈ స్కూల్లో ఎలాంటి పిల్లలున్నారో చూసుకోవడానికి వాడుకుంటున్నాం.

మార్కులు ఎవరివి

పిల్లల నేపథ్యానికీ మార్కులకీ ఉన్న లంకె కొత్తగా కనిపెట్టింది కాదు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక పెద్ద సర్వే చేయించింది. జేమ్స్ కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సుమారు 4 వేల స్కూళ్లు, 6 లక్షలకు పైగా పిల్లలు. నల్లజాతి పిల్లల స్కూళ్లలో వసతులు తక్కువ కాబట్టే మార్కులు తక్కువని తేలుతుందని అందరూ అనుకున్నారు. 1966లో వచ్చిన నివేదిక వేరే మాట చెప్పింది. భవనాలు, లైబ్రరీలు, ఖర్చుల తేడా కన్నా ఇంటి నేపథ్యమే మార్కుల్లోని తేడాని ఎక్కువగా వివరిస్తోందని, పక్కన కూర్చునే పిల్లల నేపథ్యానికి కూడా పాత్ర ఉందని. దాని లెక్కల పద్ధతి మీద అరవయ్యేళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. అయితే స్కూలు సగటు మార్కు ఆ ఊరి ఆదాయాల వెంబడే నడుస్తుందన్న మాటని తర్వాత వచ్చిన డేటా పదేపదే బలపరిచింది.

ఇందులో తెలివితేటల ప్రస్తావన లేదు. అద్దె కట్టలేక ఏడాది మధ్యలో ఇల్లు మారితే పిల్లవాడు స్కూలు మారతాడు, భిన్నాలు సగంలో ఆగిపోతాయి. కళ్లజోడు కావాలని ఎవరూ గమనించకపోతే బోర్డు మసగ్గానే కనిపిస్తుంది. అమ్మ రాత్రి షిఫ్టుకి వెళ్తే చిన్నవాళ్లని చూసుకోవడం ఆరో తరగతి అమ్మాయి పని. ఇవతల మన ఇళ్లలో వారానికి రెండ్రోజులు కుమాన్ ట్యూషన్, ఆదివారం నాన్న దగ్గర వైట్‌బోర్డు మీద లెక్కలు, వేసవిలో వచ్చే ఏడాది సిలబస్. ఏడాది చివర మార్కులు వస్తే వాటి క్రెడిట్ మాత్రం స్కూలు రేటింగులో పడుతుంది.

మనవాళ్ల పిల్లలకి ఎక్కువ మార్కులు రావడం చూసి "మన బుర్రలు" అని మురిసిపోయే మాటలు తలా ఒక వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్లినా వినిపిస్తాయి. నాకు అవి రుచించవు. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో ఎంసెట్ జల్లెడలో ఒకసారి, వీసా జల్లెడలో ఇంకోసారి నిలిచినవాళ్లు. రెండు జల్లెడల్లో మిగిలిన డిగ్రీలవాళ్ల పిల్లల్ని తీసుకొచ్చి, దేశం మొత్తం పిల్లల సగటుతో పోలిస్తే మార్కులు ఎక్కువ రాక ఏమవుతాయి?

మోసం చేసే సగటు

ఇప్పుడు అసలు చిక్కుముడి. కాగితం మీద రెండు స్కూళ్లు ఊహించుకోండి, ఒక్కోదాంట్లో 1000 మంది. మొదటిదాంట్లో 800 మంది కలిగిన ఇళ్ల పిల్లలు, 200 మంది పేద ఇళ్లవాళ్లు. కలిగినవాళ్లలో 80 శాతం, పేదల్లో 40 శాతం గీత దాటారు. అంటే 640, 80. మొత్తం 720 మంది, 72 శాతం.

రెండోదాంట్లో 300 మంది కలిగినవాళ్లు, 700 మంది పేదలు. కలిగినవాళ్లలో 85 శాతం, పేదల్లో 50 శాతం గీత దాటారు. అంటే 255, 350. మొత్తం 605 మంది, 60 శాతం చిల్లర.

రెండో స్కూల్లో కలిగిన ఇంటి పిల్లలూ మెరుగ్గా ఉన్నారు, పేద ఇంటి పిల్లలూ మెరుగ్గా ఉన్నారు. కానీ సగటులో పదకొండున్నర పాయింట్లు వెనక. అంకె చూసి ఇల్లు కొనేవాళ్లు మొదటిదాని దగ్గర క్యూ కడతారు.

ఇది కాగితం మీద లెక్క కదా అంటారా? 2009లో దేశవ్యాప్తంగా జరిగిన నేప్ పరీక్షలో ఎనిమిదో తరగతి లెక్కల్లో విస్కాన్సిన్ సగటు 288, టెక్సస్ 287. దాదాపు సమానం, విస్కాన్సిన్ ఒక వెంట్రుక ముందు. లోపలికి వెళ్తే తెల్లజాతి పిల్లలు టెక్సస్‌లో 301, విస్కాన్సిన్‌లో 294. నల్లజాతి పిల్లలు 272, 254. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలు 277, 268. మూడు వరసల్లోనూ టెక్సస్ ముందుంది, ఒకదాంట్లో ఏకంగా 18 పాయింట్లు. అయినా మొత్తం సగటులో ఒక పాయింటు వెనక. విస్కాన్సిన్‌లో ఎక్కువమంది తెల్లజాతి పిల్లలు. టెక్సస్‌లో సగటు తక్కువ ఉండే వర్గాల పిల్లలే ఎక్కువ. రాష్ట్రానికి రాష్ట్రమే ఇలా తిరగబడితే, ఎనిమిది వందల మంది ఉన్న ఒక స్కూలు సంగతి చెప్పేదేముంది.

దీనికి మన దగ్గరే చక్కటి పరీక్ష ఒకటి జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లపాటు 5 జిల్లాల్లోని 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని నడిపించారు. ప్రైవేటు బడి పిల్లలకి సర్కారు బడి పిల్లల కన్నా మార్కులు ఎక్కువని ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు, పైపైన చూస్తే డేటా కూడా అదే చెప్పింది. వాళ్లు సర్కారు బడి పిల్లల కుటుంబాల నుంచి దరఖాస్తులు తీసుకుని, లాటరీ వేసి, పేరు వచ్చిన పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. లాటరీలో పేరు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ ఇంటి నేపథ్యంలో తేడా ఉండదు, తేడా ఉంటే అది బడిదే అవ్వాలి. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు బడిలో చిన్న తరగతులకి హిందీ దాదాపు చెప్పేవాళ్లే కాదు. అలాగని ప్రైవేటు బడి దండగని కూడా తేలలేదు. ఒక్కో పిల్లవాడి మీద వాళ్లు పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు, తెలుగుకీ లెక్కలకీ కేటాయించిన సమయం కూడా తక్కువే. మార్కుల్లో కనిపించిన తేడా మాత్రం చాలావరకు బడిది కాదు, ఇంటిది.

ఎంత ఎత్తు, ఎంత ఎదుగుదల

లాటరీ ప్రతిచోటా వేయలేం. దానికి దగ్గరగా వచ్చేది పిల్లవాడు పోయినేడు ఎక్కడున్నాడు, ఈ ఏడు ఎక్కడున్నాడు అని చూడటం. ఇక్కడి స్కూళ్ల వివరాలిచ్చే పేజీల్లో దాన్ని గ్రోత్ అంటారు. అయిదో తరగతి నుంచి వచ్చేటప్పటికే రెండేళ్లు వెనకున్న పిల్లవాణ్ని మూడేళ్లలో ఒక్క ఏడాది వెనక దాకా తీసుకొచ్చిన స్కూలు బ్రహ్మాండంగా పనిచేసినట్టు. కానీ వాడు ఇంకా గీత కిందే ఉన్నాడు, పాస్ శాతంలో వాడి లెక్క సున్నా.

స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశంలోని దాదాపు అన్ని పబ్లిక్ స్కూళ్ల 3 నుంచి 8 తరగతుల ఫలితాలను ఒకే కొలతలోకి తెచ్చింది. అందులో సగటు మార్కు కుటుంబాల ఆదాయంతో గట్టిగా ముడిపడి ఉంది. గ్రోత్‌కి మాత్రం ఆదాయంతో సంబంధం బాగా పలుచన. షికాగో ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. అక్కడి పబ్లిక్ స్కూళ్లంటే చాలామందికి చిన్నచూపు. మూడో తరగతిలో అక్కడి పిల్లలు దేశ సగటు కన్నా బాగా వెనక. అయితే 2009, 2014 మధ్య డేటాలో మూడు నుంచి ఎనిమిదికి వెళ్లే అయిదేళ్లలో వాళ్లు ఆరేళ్ల చదువుకి సమానంగా ఎదిగారు. పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఆ వేగం చాలా అరుదు.

టెక్సస్ ప్రభుత్వం స్కూళ్లకిచ్చే ఏ నుంచి ఎఫ్ గ్రేడ్లలో కూడా దీనికి చోటుంది. మార్కుల స్థాయి, స్కూల్ ప్రోగ్రెస్ అనే రెండిట్లో ఏది మెరుగ్గా ఉంటే అది 70 శాతం బరువు తీసుకుంటుంది. ఆ ప్రోగ్రెస్‌లో ఒక భాగం గ్రోత్. ఇంకో భాగం ఈ స్కూలుని ఇంచుమించు ఇంతే పేద పిల్లలున్న ఇతర స్కూళ్లతో పోల్చేది. మా తమ్ముడు వెతకాల్సిన అంకె ఇదే. పేజీలో కిందికి, ఇంకా కిందికి వెళ్తే గానీ కనపడదు.

గ్రోత్ మంత్రదండం కాదు. ఏడాదికేడాది అటూఇటూ ఊగుతుంది. మూడేళ్లది కలిపి చూస్తే కాస్త నిలకడగా ఉంటుంది.

వరసల వెనక

ఫ్రీ లంచ్ సంగతి మళ్లీ చూద్దాం. కుటుంబ ఆదాయం ప్రభుత్వం లెక్కగట్టిన పేదరిక రేఖకి 130 శాతం లోపుంటే భోజనం ఉచితం, 185 శాతం దాకా అయితే తగ్గింపు ధర. చాలా ఏళ్లుగా స్కూలు పేదరికానికి ఇదే కొలబద్ద. కానీ 2010 చట్టంతో మొదలై 2014లో దేశమంతా వచ్చిన పద్ధతి ప్రకారం పేద పిల్లలు కొంత శాతం దాటిన స్కూల్లో అందరికీ భోజనం ఉచితంగా పెట్టొచ్చు. ఆ శాతం మొదట 40, 2023 నుంచి 25. అలాంటి స్కూలు పేజీలో ఒక్కోసారి "100 శాతం" అని కనిపిస్తుంది. అందరూ పేదలని కాదు, అందరికీ అన్నం పెడుతున్నారని. మన ఊళ్లో సర్కారు బడి మధ్యాహ్న భోజనం అందరికీ ఉన్నట్టే. కాలిఫోర్నియా 2022 నుంచి రాష్ట్రమంతా అలాగే చేస్తోంది. కాబట్టి వాడు గొంతు తగ్గించి చెప్పిన ఆ "సగంమంది" ఏ లెక్క ప్రకారమో ముందు చూసుకోవాలి.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల వరసది ఇంకో తమాషా. అందులో మార్కులు ఎప్పుడూ తక్కువే ఉంటాయి, ఉండి తీరాలి. ఇంగ్లీషు వచ్చేయగానే పిల్లవాణ్ని ఆ వరసలోంచి తీసేస్తారు, కొత్తగా దిగినవాడు వచ్చి చేరతాడు. పాసైన ప్రతివాడినీ బయటికి పంపేసి, ఈ క్లాసులో అందరూ ఫెయిలేనని అన్నట్టుంటుంది. అందుకే 2015 చట్టం బయటికి వెళ్లినవాళ్లని కూడా నాలుగేళ్ల దాకా ఇందులో లెక్కేసుకోవచ్చని రాష్ట్రాలకి వెసులుబాటు ఇచ్చింది. అడ్మిషన్ ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. ఆ టెన్షన్‌తో "ఇంగ్లీష్ అని రాసేయండి" అని సలహాలు నడుస్తుంటాయి. సాయం అవసరమైన పిల్లవాడికి సాయం పోగొట్టే సలహా అది.

ఏషియన్ అనే వరసలో ఇంజినీర్ల పిల్లలూ, శరణార్థులుగా వచ్చిన బర్మా కుటుంబాల పిల్లలూ ఒకటే. ఇంతకన్నా దాని గురించి చెప్పక్కర్లేదు.

లెక్కల వరస దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు మొదట చూసేది అదే. టెక్సస్‌లో రాష్ట్ర పరీక్ష పేరు స్టార్. ఎనిమిదో తరగతిలోనే హైస్కూల్ స్థాయి ఆల్జీబ్రా 1 చదివే పిల్లలు ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష రాయరు, ఆల్జీబ్రా పరీక్ష రాస్తారు. న్యూజెర్సీలోనూ అంతే. అంటే లెక్కల్లో చురుకైన పిల్లలందరూ ఆ వరసలోంచి మాయం. మిగిలినవాళ్ల సగటు చూసి న్యూజెర్సీ ఎడిసన్ ఊళ్లో ఉన్నవాళ్లు "ఎనిమిదిలో లెక్కలు ఇంత ఘోరమా" అని బెంబేలెత్తుతారు. ఎంత ఎక్కువమందిని ఆల్జీబ్రాకి పంపితే ఎనిమిదో తరగతి లెక్కల శాతం అంత పడిపోతుంది. కాలిఫోర్నియాలో ఎనిమిదో తరగతి వాళ్లంతా ఒకే పరీక్ష రాస్తారు. ఎడిసన్ అంకెనీ కాలిఫోర్నియా ఊరు ఫ్రీమాంట్ అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా ప్రయాస. పైగా టెక్సస్‌లో 2023లో వచ్చిన చట్టం ప్రకారం అయిదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో స్కూళ్లు తమంతట తామే చేర్చాలి. అడగాలని తెలిసిన అమ్మానాన్నల పిల్లలకే కాక, తెలియనివాళ్ల పిల్లలకి కూడా ఆ దారి తెరుచుకుంది. ఇది మంచి పని, కానీ పాత ఏళ్ల లెక్కల శాతాలతో కొత్తవి పోల్చడం ఇంకా కష్టమవుతుంది.

పాస్ అన్న మాట కూడా ఒకటి కాదు. స్టార్‌లో 'అప్రోచెస్' దాటితే పాస్ కింద లెక్క, 'మీట్స్' దాటితేనే ఆ తరగతి చదువు వచ్చినట్టు, 'మాస్టర్స్' దానికి పైన. ఒకే స్కూలుకి ఏ గీత పట్టుకుంటే ఆ శాతం. ఇక ఒక గుంపులో 20 మందే ఉంటే, పరీక్ష రోజు ఒక్క పిల్లవాడికి జ్వరమొస్తే 5 శాతం పోతుంది.

మరి రేటింగ్ ఊరికేనా

అలాగని ఆరూ తొమ్మిదీ ఒకటేనని నేను అనడం లేదు. పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లలో టీచర్లు త్వరగా మారిపోతుంటారు, అడ్వాన్స్‌డ్ కోర్సులు తక్కువగా ఉంటాయి. పక్కన కూర్చునేవాళ్ల ప్రభావం కూడా ఉంటుంది. అవి నిజంగా అడగాల్సిన విషయాలు. కానీ అవి పదికి ఇంత అనే అంకెలో లేవు. వాటిని స్కూలుకి వెళ్లి అడగాలి.

ఆ అంకెకి మనం కట్టే ధర మాత్రం తక్కువ కాదు. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో మసాచుసెట్స్ శివార్లలో ఎలిమెంటరీ స్కూళ్ల సరిహద్దు గీతకి అటూ ఇటూ ఉన్న ఇళ్ల ధరలు పోల్చింది. ఒకే వీధి, ఒకేలాంటి ఇళ్లు, స్కూలు ఒక్కటే తేడా. మార్కులు 5 శాతం ఎక్కువుంటే ఇంటికి 2.5 శాతం ఎక్కువ కడుతున్నారని తేలింది. అలా ధర పెరిగిన చోటికి పెట్టగలిగినవాళ్లే వస్తారు. వాళ్ల పిల్లలతో మార్కులు పెరుగుతాయి, దాంతో ధర ఇంకాస్త పెరుగుతుంది.

మా తమ్ముడికి ఇదంతా వివరంగా మెసేజ్ పెట్టాను. ఆ స్కూలు పేజీలో కిందికి వెళ్లి చూస్తే మూడేళ్లుగా ప్రోగ్రెస్ బాగుంది. ఆఫీసుకి ఫోన్ చేసి ఎనిమిదిలో ఎంతమంది ఆల్జీబ్రా రాస్తున్నారో, లెక్కల టీచర్లు ఎన్నేళ్ల నుంచి ఉన్నారో అడగమన్నాను. అడిగాడు, జవాబులు నచ్చాయి కూడా. ఈ లోపు ఆ ఇంటికి వేరేవాళ్లు ఆఫర్ పెట్టేశారు. వాళ్లూ తెలుగువాళ్లేనట, ఇద్దరు పిల్లలు, ఎలిమెంటరీలో ఉన్నారట. ఆ వీధిలో ఈ ఏడాది అలాంటి ఇళ్లు ఇంకో మూడు నాలుగు అమ్ముడయ్యాయి. నాలుగైదేళ్లలో ఆ ఆరు ఏడో ఎనిమిదో అవుతుంది, స్కూల్లో ఒక్క టీచరూ మారకపోయినా.